అతనాసియస్ భక్తుడు – క్రీస్తు ప్రభువు అధికారము

నాలుగవ శతాబ్దములో ఐగుప్తు దేశపు అలెక్సంద్రియ పట్టణమున అరియస్ అను సంఘపు పెద్ద, యేసు ప్రభువు సృష్టములన్నిటిలో శ్రేష్ఠుడేగాని తండ్రివలె ఆదిలేనివాడు కాడని బోధించెను. ఈ బోధ పాటల రూపమున సామాన్యులలో కూడ వ్యాపించెను. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నీకయలో బిషప్పుల మహాసభ కూర్చినప్పుడు అతనాసియస్ తన బిషప్పు వెంట వెళ్లిన యువ డీకను మాత్రమే. కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని సభ తీర్మానించెను. 328లో అతనాసియస్ అలెక్సంద్రియ బిషప్పాయెను.

ఇది పండితుల మాటల పోరాటమని కొందరనుకొందురు. అతనాసియస్‌కు అట్లు తోచలేదు. సృష్టింపబడినవాడు దేవుని తీర్పును రద్దుచేసి పాపములు క్షమింపజాలడు, మనలను దేవునితో ఏకము చేయజాలడు. యేసు సృష్టము మాత్రమే అయినచో ఆయనకు ప్రార్థించు సంఘము అన్యులవలె సృష్టమును పూజించుచున్నట్లే. రక్షణ నిజమా కాదా అనునదే ఆయన ప్రశ్న. అరియస్ పక్షమువారును లేఖనములనే చూపిరి గనుక ఆయన ఒక్కొక్క వచనమునకు ఓపికగా జవాబు వ్రాయవలసివచ్చెను.

నీకయ తరువాత రాజసభలో గాలి మారెను. ఆర్సేనియస్ అను బిషప్పును చంపించి చేయి నరికించెనని అతనాసియస్‌పై నేరము మోపిరి. ఆ ఆర్సేనియస్ రెండు చేతులతో సజీవుడై కనబడెను! అయినను 335లో, ఐగుప్తు ధాన్యమును రాజధానికి పోనీయక ఆపెదనని బెదిరించెనను మరియొక నేరముపై, చక్రవర్తి ఆయనను గాల్ దేశములోని ట్రియరుకు వెళ్లగొట్టెను.

ఆయన సాధుస్వభావి అని చెప్పజాలము. ఆయన పక్షమువారు ఐగుప్తులో విడిపోయిన మెలీషియస్ వర్గమువారిని కొట్టిరని తెలుపు ఆనాటి లేఖయొకటి దొరికినది.

356 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆరాధన జరుగుచుండగా సైనికులు గుడిని చుట్టుముట్టిరి. జనులలో చాలమంది బయటపడువరకు ఆయన కదలలేదు. తరువాత ఆరేండ్లు ఎడారి సన్యాసులు ఆయనను దాచిరి. నలువదియైదేండ్ల బిషప్పు పదవిలో ఆయన అయిదు మారులు, మొత్తము సుమారు పదునేడేండ్లు, ప్రవాసముననే గడిపెను.

ఆయన పేరిట ఉన్న విశ్వాస ప్రమాణము తరువాతివారు వ్రాసినది. 367లో సంఘములకు వ్రాసిన పండుగ పత్రికలో మాత్రము నేడు మనము చదువు క్రొత్త నిబంధన ఇరువదియేడు గ్రంథములను, వాటినే, ఆయన పేర్కొనెను. క్రీస్తును గూర్చిన అపొస్తలుల నిజమైన సాక్ష్యము ఏదో సామాన్య విశ్వాసి ఎరుగవలెనని ఆయన కోరిక.

373లో ఆయన తన పట్టణముననే మరణించెను. నీకయ విశ్వాసమును స్థిరపరచిన కాన్‌స్టాంటినోపుల్ మహాసభ 381లో జరిగెను.