ఎడమచేతికి తెలియకుండా ఇచ్చిన బిషప్

డిసెంబర్ వచ్చిందంటే నార్సింగి, గచ్చిబౌలి ప్రాంతాల ఐటీ ఆఫీసుల్లో ‘సీక్రెట్ శాంటా’ సందడి మొదలవుతుంది. చీటీలో ఎవరి పేరు వస్తే వారికి, ఇచ్చిందెవరో తెలియకుండా కానుక ఇవ్వడం ఆ ఆట. అందులోని ‘శాంటా’ నిజంగా జీవించిన ఒక దైవజనుడు.

ఆయన పేరు నికొలాస్. నేటి టర్కీ దక్షిణ తీరంలోని పటారా అనే రేవు పట్టణంలో మూడో శతాబ్దంలో సంపన్న క్రైస్తవ కుటుంబంలో పుట్టాడంటారు. ఆయన కాలంలోనే రాసిన జీవితచరిత్ర ఏదీ మనకు దొరకలేదు. చర్చి తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన సంగతులే ఆధారం. వాటి ప్రకారం చిన్న వయసులోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న నికొలాస్, తనకు దక్కిన ఆస్తిని పేదలకే ఖర్చు చేయాలని తీర్మానించుకున్నాడు.

ఆ ఊళ్లో బాగా బతికి చితికిపోయిన ఒక వ్యక్తికి ముగ్గురు కూతుళ్లు. కట్నం ఇచ్చే స్తోమత లేక పెళ్లిళ్లు ఆగిపోయాయి. చివరికి వారిని వ్యభిచారంలోకి దింపడం తప్ప మరో దారి లేదన్న స్థితికి ఆ తండ్రి వచ్చేశాడు. సంగతి తెలిసిన నికొలాస్ ఒక రాత్రి వాళ్ల కిటికీలోంచి బంగారు నాణేల మూట విసిరి వెళ్లిపోయాడు. పెద్దమ్మాయి పెళ్లయింది. మరో మూటతో రెండో అమ్మాయి పెళ్లీ జరిగింది. మూడోసారి తండ్రి నిద్రపోకుండా కాపు కాసి, వెంట పరుగెత్తి ఆయన కాళ్లమీద పడ్డాడు. తాను బతికుండగా ఎవరికీ చెప్పవద్దని నికొలాస్ మాట తీసుకున్నాడట. అందరి ముందూ ఇచ్చి ఉంటే, దానంతో పెళ్లిళ్లయిన పిల్లలన్న మాట వారిని జీవితాంతం వెంటాడేది. దానం రహస్యంగా ఉండాలన్న ప్రభువు బోధను (మత్తయి 6:3,4) ఆయన అక్షరాలా పాటించాడు.

తర్వాత మైరా పట్టణానికి బిషప్ అయ్యాడు. 303లో డయొక్లెటియన్ చక్రవర్తి క్రైస్తవులపై హింస మొదలుపెట్టినప్పుడు చెరసాల పాలయ్యాడని చెబుతారు. సుమారు 343లో డిసెంబర్ 6న ప్రభువునందు నిద్రించాడు.

ఆ తేదీనే యూరప్ పిల్లలకు కానుకల పండుగ అయింది. నెదర్లాండ్స్‌లో ఆయన ‘సింటర్‌క్లాస్’. డిసెంబర్ 5 రాత్రి పిల్లలు తమ బూట్లలో ఆయన గుర్రానికి క్యారెట్లు పెట్టి, కానుకల కోసం ఎదురుచూస్తారు. భక్తి పరిశుద్ధుల వైపు మళ్లకూడదని భావించిన మార్టిన్ లూథర్, కానుకలిచ్చేది బాలక్రీస్తే అన్న ఆచారాన్ని ప్రోత్సహించాడు. అలా జర్మనీ ప్రొటెస్టెంట్ ఇళ్లలో కానుకల రోజు క్రిస్మస్‌కు మారింది. స్పెయిన్‌లో జనవరి 6న కానుకలు తెచ్చేది తూర్పు జ్ఞానులు. డచ్చివారి సింటర్‌క్లాస్ అమెరికాలో శాంటాక్లాజ్ అయ్యాడు. 1823లో అచ్చయిన ఒక పద్యం ఆయన బండికి ఎనిమిది రెయిన్‌డీర్లను కట్టింది. 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆయన ఎర్రకోటు బొమ్మను ప్రపంచమంతా తిప్పాయి. మన పిల్లలకు ఆయనే క్రిస్మస్ తాత.

ఇన్ని వేషాలు మారిన నికొలాస్‌లో మనం మరిచిపోయింది ఆ చీకటి రాత్రినీ, ఆ కిటికీనీ. నేడు దుప్పట్లు పంచినా ఫొటో ఉండాల్సిందే. తీసుకునేవారి సిగ్గు ఆ ఫొటోలో శాశ్వతంగా మిగిలిపోతుంది. నార్సింగి అపార్టుమెంట్లలో వాచ్‌మన్ కూతురి ఫీజు, పనిమనిషి ఆసుపత్రి బిల్లు మన కిటికీ కిందే ఉన్నాయి. ఇక కొడుకు పెళ్లికి కట్నం అడగని విశ్వాసి, ఒక ఆడపిల్ల తండ్రికి నిద్రపట్టే రాత్రిని కానుకగా ఇస్తాడు. ఈ క్రిస్మస్‌కు ఒక్క కానుకైనా దేవునికి తప్ప ఎవరికీ తెలియకుండా ఇద్దాం.