ఉప్పునేలకు మంచినీరు

సముద్రపు ఒడ్డున ఉండే ఊళ్లకు నీటి కరువేమిటి అని మనకు తోచవచ్చు. అక్కడ చూపు మేరా నీరే. గొంతు తడుపుకోవడానికి మాత్రం చుక్క దొరకదు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే లంకలలో ఒకప్పుడు ఇదే పరిస్థితి. వేసవిలో నదీప్రవాహం తగ్గగానే పోటు నీరు పాయల వెంట పైకి ఎక్కేది. నూతులలో పైన కొద్దిపాటి తీపినీరు, దాని అడుగున ఉప్పునీరు ఉండేవి. నాలుగు కడవలు ఎక్కువ తోడితే ఉప్పు పైకి వచ్చేది. ఇది చాలదన్నట్లు 1833 ప్రాంతంలో కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ సీమను కుంగదీశాయి. గోదావరి నీరేమో వరదకాలంలో ఊళ్లను ముంచి సముద్రం పాలయ్యేది.

అటువంటి సమయంలో, 1840లలో, సర్ ఆర్థర్ కాటన్ రాజమండ్రి వచ్చారు. ఆయన 1803 మే 15న ఇంగ్లాండులో జన్మించారు. పద్దెనిమిదో ఏట, 1821లో, ఇంజనీరుగా మద్రాసు చేరారు. తంజావూరు సీమలో పనిచేస్తున్నప్పుడు కావేరిపై చోళరాజులు కట్టించిన కల్లణైని శ్రద్ధగా పరిశీలించారు. అడుగున రాతిపొర లేకపోయినా, వట్టి ఇసుక మీదనే ఆ ఆనకట్ట వందల ఏళ్లు నిలిచింది. పెద్ద పెద్ద రాళ్లు తమ బరువుతో ఇసుకలోకి దిగి, ఇక దిగలేనంతగా కుదురుకోవడమే అందులోని కీలకం. ఆ పాఠంతో 1836లో ఆయన కొళ్లిడం నదిపై ఆనకట్ట కట్టించారు. పెద్ద చదువులు చదివిన ఇంజనీరు పేరు తెలియని పనివారి దగ్గర నేర్చుకున్నారన్నమాట!

గోదావరి కావేరి కంటె ఎంతో పెద్దది. ధవళేశ్వరం వద్ద దాని వెడల్పు, మధ్యనున్న లంకలతో కలిపి, దాదాపు నాలుగు మైళ్లు. కాటన్ డెల్టా అంతా తిరిగి నేల వాలు కొలిచారు. 1847లో పని మొదలైంది. పక్కనున్న కొండను పగులగొట్టి రాయి తెచ్చారు. వీణెం వీరన్న అనే తెలుగు ఉద్యోగి పనులు పర్యవేక్షించారు. మధ్యలో కాటన్‌కు వడదెబ్బ తగిలి ఆరోగ్యం చెడింది. సెలవుపై ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చినా, తిరిగి వచ్చి పని అందుకున్నారు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆనకట్ట అనగానే మనకు పచ్చని వరిచేలు గుర్తుకు వస్తాయి. తీరపు ఊళ్లకు అంతకంటె ముందు కావలసింది తాగునీరు. నాగరం లంకకు ఒకవైపు సముద్రం, మిగిలిన వైపుల గోదావరి పాయలు. కాలువను పాయ దాటించడం ఎలా? కోనసీమలోని గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా, 49 కమానుల వంతెనపై కాలువనే నడిపించారు. ఈ అక్విడక్టును కాటన్ సహచరుడు హేగ్ నిర్మించారు. కింద ఉప్పునీరు, పైన తీపినీరు!

కాలువనీరు ఊరి చెరువులకు చేరింది. కాలువలు కట్టివేసే వేసవికి ముందే మంచినీళ్ల చెరువు నింపుకోవడం డెల్టా గ్రామాలకు అలవాటయింది. ఆ నీటిని కావిళ్లతో తెచ్చుకొని, చిల్లగింజ అరగదీసి తేర్చుకొని తాగేవారు. చిల్లగింజతో మట్టి అడుగుకు దిగుతుంది కాని, కలరా క్రిములు చావవు. నీరు తియ్యనైనంత మాత్రాన శుభ్రమైనది కాదు. చెరువునీటిని ఇసుక పొరల గుండా వడగట్టి, మందు కలిపి కుళాయిలకు పంపే ఏర్పాట్లు చాలాకాలం తరువాత గాని రాలేదు.

కాటన్ 1858లో ఒరిస్సా వెళ్లి మహానది డెల్టాను కూడా పరిశీలించారు. 1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. ఉద్యోగం విడిచాక కూడా ఇంగ్లాండులో ఊరకుండలేదు. రైళ్ల కంటె కాలువలే భారతదేశానికి ముఖ్యమని వాదిస్తూనే ఉన్నారు. పాలకులలో చాలామందికి ఆ మాట రుచించలేదు. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ల వయసులో ఆయన మరణించారు.

పాత ఆనకట్టకు బదులుగా కట్టిన కొత్త బ్యారేజి 1982లో పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. గోదావరి పల్లెలలో కాటన్ దొర విగ్రహాలు నేటికీ కనిపిస్తాయి. వాటిలో చాలావాటిలో ఆయన గుర్రం మీద కూర్చుని ఉంటారు.