విటమిన్-సి గుట్టు వెతికిన కలకత్తా ప్రొఫెసర్ బీరేశ్ గుహ

కరోనా రోజుల్లో చాలా మందుల షాపుల్లో విటమిన్-సి మాత్రలు దొరకడం గగనమైంది. రోజుకో మాత్ర వేసుకుంటే జలుబు రాదని నమ్మేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. అయితే సాధారణ జనంలో ఆ మాత్రలు జలుబును ఆపలేవని, వచ్చాక మహా అయితే కాస్త త్వరగా తగ్గిస్తాయని అధ్యయనాలు తేల్చాయి. మాత్ర సంగతి పక్కనపెట్టి, అసలు ఈ విటమిన్ ఒంట్లో ఎలా పుడుతుంది, ఏ ఆకులో ఎంత ఉంటుంది అని దశాబ్దాలపాటు వెతికిన మనిషి కలకత్తాలో ఉండేవాడు. ఆయనే బీరేశ్ చంద్ర గుహ. మన దేశంలో ఆధునిక జీవరసాయన శాస్త్రానికి ఆద్యుడిగా పేరుపొందారు.

1904లో మైమన్‌సింగ్‌లో పుట్టారు. 1921లో సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొన్నందుకు ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి బహిష్కరించారు. సెయింట్ జేవియర్స్‌లో చేరి చదువు సాగించారు. ఎమ్మెస్సీ తర్వాత ప్రఫుల్ల చంద్ర రాయ్ స్థాపించిన బెంగాల్ కెమికల్‌లో కొన్నాళ్లు పనిచేసి, లండన్ వెళ్లి జాక్ డ్రమ్మండ్ దగ్గర విటమిన్ల మీద పరిశోధన చేశారు. 1936 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్.

మేక, ఎలుక తమకు కావలసిన విటమిన్-సిని గ్లూకోజు నుంచి తామే తయారుచేసుకుంటాయి. మనిషికి, కోతికి, గినీ పందికి ఆ శక్తి లేదు. తిండిలో అందకపోతే చిగుళ్లు నెత్తురోడే స్కర్వీ వస్తుంది. జంతువుల ఒంట్లో ఆ తయారీ ఏయే మెట్ల మీదుగా సాగుతుందో గుహ, ఆయన శిష్యులు ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. క్యాబేజీలో ఈ విటమిన్ కొంత వేరే పదార్థంతో కలిసి ఉంటుందని చెప్పి, దానికి ఆస్కార్బిజెన్ అని పేరు పెట్టారు. స్కర్వీని అడ్డుకోవడంలో దాని బలం అంతంతమాత్రమేనని తర్వాతివాళ్లు చూపారు. పేరు మాత్రం నిలిచిపోయింది.

1943 కరవు ఆయన పనిని ప్రయోగశాల దాటించింది. బెంగాల్‌లో దాదాపు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. విటమిన్ల సంగతి తర్వాత, ముందు కడుపులోకి ఏదో ఒకటి పోవాలి. సోయా చిక్కుడు నుంచి పాలలాంటి ద్రవం తీయడం, గడ్డి నుంచి, ఆకుల నుంచి మాంసకృత్తులు రాబట్టడం మీద ఆయన పడ్డారు. నా దృష్టిలో ఆయన అసలు పెద్దరికం ఇక్కడుంది. కొనుక్కోలేనివాడి కంచంలోకి పోషకాలు ఎలా చేరతాయన్నదే ఆయన పట్టు. ఇవాళ్టి లెక్కలో పురుషుడికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్-సి చాలు. ఒక్క జామకాయతోనే అంతకు మించి వస్తుంది. ఉసిరి, మునగాకు సరేసరి.

1944లో కేంద్ర ఆహార శాఖకు సలహాదారుగా వెళ్లారు. తర్వాత దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌లో సభ్యుడిగా ఉండి, 1953లో మళ్లీ విశ్వవిద్యాలయానికి వచ్చారు. భార్య ఫుల్‌రేణు గుహ తర్వాత కేంద్రంలో మంత్రి అయ్యారు. ఆయన 1962 మార్చి 20న లక్నోలో కన్నుమూశారు. మనిషిలో ఈ విటమిన్ తయారీ ఎక్కడ ఆగిపోయిందన్న అన్వేషణను శిష్యుడు ఐ.బి. ఛటర్జీ కలకత్తాలోనే కొనసాగించారు. ఏయే జీవులకు ఆ శక్తి ఉంది, ఏవి పోగొట్టుకున్నాయి అన్న ఆయన వ్యాసం 1973లో సైన్స్ పత్రికలో వచ్చింది.