శ్రీమతి మార్గరెట్ డేహాఫ్ జీవితము

ప్రాణుల దేహములలో దాగియున్న లిపిని యంత్రసాహాయ్యమున చదువుటకు త్రోవ చూపినవారిలో శ్రీమతి మార్గరెట్ ఓక్లీ డేహాఫ్ అగ్రగణ్యురాలు. ఈమె 1925వ సంవత్సరము మార్చి 11వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. తండ్రి చిన్న వర్తకుడు. తల్లి ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయిని. ఈమెకు పదియేండ్ల ప్రాయమున కుటుంబము న్యూయార్కు చేరెను. అచ్చటనే గణితమున పట్టము పొంది, 1948లో కొలంబియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రములో డాక్టరు బిరుదము నందెను. వర్తకసంఘములు జమాఖర్చులకు వాడుకొను చిల్లుల కార్డుల యంత్రములచే అణువుల శక్తిని లెక్కింపవచ్చునని ఈమె అప్పుడే చూపెను. పిమ్మట వివాహమై, కుమార్తెల నిద్దరిని పెంచుటకై కొన్నియేండ్లు పరిశోధనను విడిచి, 1960లో రాబర్టు లెడ్లీ యను పండితుడు నెలకొల్పిన జీవవైద్య పరిశోధనసంస్థలో చేరెను.

మన దేహములోని ప్రోటీనులు ఇరువదిరకముల అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండలు. అట్టి దండను మొదటినుండి తుదివరకు ఒక్కమారుగా చదువుట ఆనాడు సాధ్యము కాదు. దానిని ముక్కలు చేసి, ముక్కలను వేర్వేరుగా చదివి, మరల అతుకవలసి యుండెను. బాలబాలికలారా, ఒక కాగితముపై "రాముడు అడవికి పోయెను" అని వ్రాసి, "రాముడు అడ", "వికి పోయెను" అని రెండుగా చింపితి రనుకొనుడు. ఏది ముందో, ఏది వెనుకో తెలియదు. అదే వాక్యమునకు మరియొక ప్రతిని వేరొక విధముగా చింపగా "డు అడవికి" అను ముక్క దొరికిన యెడల సందేహము తీరును గదా! ఇట్టి అతుకుల పనిని కంప్యూటరుచే చేయించు ప్రోగ్రామును 1962లో లెడ్లీయు ఈమెయు ప్రకటించిరి. తరువాతి కాలమున జీనోములను కూర్చిన ప్రోగ్రాములును ఈ ఉపాయమునే ఆశ్రయించినవి.

1965లో ఈమె, సహచరులు కలిసి అంతవరకు తెలిసిన 65 ప్రోటీనుల వరుసలను ఒక గ్రంథముగా అచ్చువేయించిరి. కార్డులపై చోటు కలిసివచ్చుటకై ఒక్కొక్క ఆమ్లమునకు ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమును నియమించెను. రక్తకణములను కొడవలివలె వంచెడి సికిల్ సెల్ వ్యాధికి కారణము హీమోగ్లోబినులోని ఒక దండలో ఆరవచోట 'ఇ' యుండవలసినచో 'వి' యుండుటయే. వైద్యులు నేటికిని ఈ అక్షరములనే వ్రాయుచున్నారు.

ఇతరులు కనుగొన్నదానిని ప్రోగుచేయుట పరిశోధన మెట్లగునని కొందరు చిన్నచూపు చూచిరి. ఆ ప్రోగునుండియే ఈమె దగ్గరి చుట్టరికముగల ప్రోటీనులను 71 కుటుంబములుగా తీసి, వానిలో 1572 మార్పులను లెక్కించి, ఏ ఆమ్లమునకు బదులు ఏది తరచుగా వచ్చునో, ఏది అరుదో 1978లో పట్టిక వేసెను. ఆ లెక్క ఏ ఒక్క ప్రోటీనును చూచి వేయదగినది కాదు. 1990లో వెలువడిన బ్లాస్టు అను ప్రసిద్ధమైన వెదకుడు ప్రోగ్రాము మొదట ఈ పట్టికలనే ఆధారము చేసికొనెను.

1980లో జన్యువుల వరుసలను టెలిఫోను తీగద్వారా దూరమున నున్నవారికి అందజేయ నారంభించెను. కాని 1982లో ప్రభుత్వము జాతీయ భాండాగారమును స్థాపించినప్పుడు ఆ భారము ఈమెకు గాక లాస్ అలమాస్ వారి పక్షమునకు దక్కెను. ఈమె సంస్థ తన కూర్పును ఇతరులు మరల పంచిపెట్టుటకు ఒప్పుకొనదు. వారో, అందరికిని ఉచితముగా విడుతు మనిరి. ధనసహాయము చాలని సంస్థ వేరేమి చేయగలదు? అయినను శాస్త్రజ్ఞులు తమ శ్రమఫలము మూతపెట్టబడరాదని కోరుటయు న్యాయమే.

1983 ఫిబ్రవరి 5వ తేదీన గుండెజబ్బుచే ఈమె మరణించెను. వయస్సు 57 ఏండ్లు. ఈమె పేరిట అమెరికాలోని జీవభౌతికశాస్త్ర సంఘమువారు 1984 మొదలు స్త్రీలకు బహుమాన మొసగుచున్నారు.