ఆండ్రూ గుడ్‌మన్ వేసవి సెలవులు

నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో వేసవి అంటే ఇంటర్న్‌షిప్పే. జీతమెంత, రెజ్యూమెకి పనికొస్తుందా అన్నదే లెక్క. ఆండ్రూ గుడ్‌మన్ కథ తెలిశాక ఆ లెక్క చిన్నబోయింది.

ఆండ్రూ 1943లో న్యూయార్క్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. క్వీన్స్ కాలేజీలో చదువుతూ, మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా చేర్పించే 1964 'ఫ్రీడమ్ సమ్మర్'కి పేరిచ్చాడు. ఒహాయోలో శిక్షణ పొంది, జూన్ 20న మెరిడియన్ చేరాడు. మర్నాడు, క్షేమంగా చేరానని ఇంటికి కార్డు రాశాడు. అదే రోజు జేమ్స్ చేనీ, మైకేల్ ష్వెర్నర్‌లతో కలిసి, క్లాన్ తగలబెట్టిన చర్చి చూడటానికి వెళ్ళాడు. తిరిగొస్తుంటే డిప్యూటీ షెరిఫ్ అరెస్టు చేశాడు. రాత్రి వదిలేసి, మళ్ళీ వెంటాడి పట్టుకుని క్లాన్ మనుషులకి అప్పగించాడు. ముగ్గుర్నీ కాల్చి చంపారు. 44 రోజులకి మట్టికట్ట కింద శవాలు దొరికాయి. ఆండ్రూకి అప్పటికి 20 ఏళ్ళు.

1967లో ఏడుగురిని ఫెడరల్ కోర్టు దోషులుగా తేల్చింది. రాష్ట్ర కోర్టులో ఒక్కడికి శిక్ష పడటానికి 2005 దాకా పట్టింది.

1965లో ఓటుహక్కు చట్టం వచ్చింది. దేశాలవారీ కోటాలు ఎత్తేసి మనలాంటివాళ్ళకి తలుపు తెరిచిన వలస చట్టమూ ఆ ఏడాదిదే, ఆ గాలిలో పుట్టిందే. మన పిల్లలు ఇంటర్న్‌షిప్‌లు వెతుక్కునేటప్పుడు ఈ కుర్రాడి గురించీ ఒక మాట చెబుదాం.