పాస్‌పోర్టు లేని ఎనిమిదేళ్లు: ఫుట్‌బాల్ ఆటగాడు, నటుడు పాల్ రాబ్సన్ కథ

సిడ్నీ ఒపెరా హౌస్ ఫొటో చూడనివాళ్లు మనలో తక్కువ. నీళ్ల ఒడ్డున తెల్లటి తెరచాపలు నిలబెట్టినట్టు ఉంటుంది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివే రోజుల్లో షెల్ రూఫ్ పాఠం వస్తే మా సారు ఆ బొమ్మే చూపించేవారు. దాని ప్రారంభోత్సవం 1973లో జరిగింది. కానీ అక్కడ పాట అంతకు 13 ఏళ్ల ముందే వినిపించింది. అప్పటికి పైకప్పు లేదు. కింద కాంక్రీటు పని నడుస్తోంది. 1960 నవంబర్ 9న భోజనాల వేళ ఆరడుగుల పైచిలుకు ఎత్తున్న నల్లజాతి పెద్దమనిషి ఒకరు సైటులోకి వచ్చి కార్మికుల ముందు నిలబడి పాడారు. కొందరు కింద కూర్చుని, కొందరు స్కాఫోల్డింగ్ ఎక్కి, చేతిలో తిండి పట్టుకునే విన్నారు. ఆయన పేరు పాల్ రాబ్సన్. అప్పటికి వయసు 62.

సైటులో భోజనం బ్రేకు అంటే ఏమిటో మనకు చెప్పక్కర్లేదు. ఒకడు సిమెంటు బస్తాల నీడన కునుకు తీస్తాడు, ఒకడు ఇంటికి ఫోన్ చేస్తాడు. పెద్ద పెద్ద హాళ్లలో టిక్కెట్టు మీద పాడే మనిషి ఆ కాస్త టైములో వాళ్లను వెతుక్కుంటూ ఎందుకొచ్చారో తెలియాలంటే మొదటి నుంచి చెప్పుకోవాలి.

రాబ్సన్ తండ్రి విలియం బానిసగా పుట్టారు. 15 ఏళ్ల వయసులో నార్త్ కరోలినాలోని యజమాని తోట నుంచి పారిపోయి, చదువుకుని, చర్చి పాస్టర్ అయ్యారు. పాల్ 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీ రాష్ట్రం ప్రిన్స్‌టన్‌లో పుట్టారు. ఆరేళ్లు నిండకముందే ఇంట్లో పొయ్యి నిప్పు అంటుకుని తల్లి చనిపోయింది. అప్పటికే తండ్రికి పాస్టరు పదవి పోయింది. కొన్నాళ్లు ఇళ్లలో బూడిద ఎత్తిపోసి, గుర్రబ్బండి తోలి పిల్లల్ని సాకారు. చదువు విషయంలో మాత్రం కొడుకుని వదల్లేదు.

1915లో స్కాలర్‌షిప్ మీద రట్గర్స్ కాలేజీలో చేరారు. అప్పుడు ఆ కాలేజీ మొత్తానికి నల్లజాతి విద్యార్థి ఆయనొక్కడే. ఫుట్‌బాల్ జట్టులో చేరబోయారు. అమెరికా ఫుట్‌బాల్ అంటే మనం సెలవురోజు సాయంత్రం క్యాంపు వెనక ఆడేది కాదు. బంతి కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది, చేత్తో పట్టుకుని ఉరుకుతారు, ఎదుటివాళ్లు మీద పడి కింద పడేస్తారు. అందులో దెబ్బలు మామూలే. కానీ రాబ్సన్‌కి మొదటి రోజు దెబ్బలు కొట్టింది ఎదుటి జట్టు కాదు, సొంత కాలేజీ కుర్రాళ్లు. ముక్కు పగలగొట్టారు, భుజం తప్పించారు. కోలుకుని మళ్లీ వెళ్తే ఒకడు మేకుల బూటుతో చేతిని తొక్కి గోళ్లు ఊడగొట్టాడు. కోపం పట్టలేక ఒక ఆటగాణ్ణి తలపైకి ఎత్తేశాననీ, కోచ్ అప్పుడే జట్టులోకి తీసుకున్నాడనీ ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1916లో ఒక దక్షిణాది కాలేజీ నల్లవాడుంటే ఆడమంటే, సొంత కోచ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టాడు. తర్వాతి రెండేళ్లూ, 1917లో, 1918లో, దేశం మొత్తంలో ఎంపిక చేసే ఆల్ అమెరికా జట్టులో ఆయన పేరుంది. ఆ పేరు ముచ్చట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

న్యూయార్క్‌లో కొలంబియా లా కాలేజీలో చదువుతూ, ఖర్చుల కోసం జీతానికి ఫుట్‌బాల్ ఆడారు. 1921లో అక్రాన్ ప్రోస్, 1922లో మిల్వాకీ బ్యాడ్జర్స్. జిమ్ థోర్ప్ జట్టు మీద మిల్వాకీ 13-0తో గెలిచిన మ్యాచ్‌లో రెండు టచ్‌డౌన్‌లూ రాబ్సన్‌వే. (థోర్ప్ ఒలింపిక్ వీరుడు. ఆయన కూడా తర్వాత హాలీవుడ్‌లో చిన్న వేషాలు వేశారు.) 1923లో లా పట్టా వచ్చింది. ఒక వకీళ్ల ఆఫీసులో చేరితే, నల్లవాడు చెబితే రాయనని అక్కడి స్టెనో మొండికేసింది. ఆయన ఫైలు మూసి బయటికొచ్చేశారు. అటు ఆటా, ఇటు వకాలతూ రెండూ పోయి నాటకం మిగిలింది.

భార్య ఎస్లాండా పట్టుబట్టి ఆయన్ని రంగస్థలం వైపు నెట్టింది. 1924లో యూజీన్ ఓనీల్ నాటకాల్లో వేషాలు కట్టారు. 1925లో లారెన్స్ బ్రౌన్ పియానో మీద, నల్లజాతి బానిసలు పాడుకున్న భక్తి పాటలతో న్యూయార్క్‌లో కచేరీ చేశారు. 1930లో లండన్‌లో షేక్స్‌పియర్ ఒథెల్లో వేశారు. 1943లో అదే నాటకం న్యూయార్క్ బ్రాడ్‌వేలో 296 ఆటలు ఆడింది. షేక్స్‌పియర్ నాటకం అక్కడ అన్ని ఆటలు ఆడటం అంతకుముందు లేదు.

సినిమాలు మాత్రం ఆయన్ని బాధపెట్టాయి. 1935లో వచ్చిన శాండర్స్ ఆఫ్ ది రివర్ ఆఫ్రికా సంస్కృతి చూపిస్తుందని నమ్మి నటించారు. తీరా ఎడిటింగ్ అయ్యాక చూస్తే బ్రిటిష్ పాలనకు జేజేలు కొట్టే సినిమా అయింది. 1942 తర్వాత హాలీవుడ్‌కి దండం పెట్టేశారు. ఆయనకు నచ్చిన సినిమా 1940 నాటి ది ప్రౌడ్ వ్యాలీ. పని వెతుక్కుంటూ వేల్స్ బొగ్గు గనులకు చేరిన ఒక పరాయి దేశపు కూలీ కథ. అదీ ఊరికే వచ్చిన వేషం కాదు. 1920ల చివర్లో లండన్ వీధిలో పాడుకుంటూ వస్తున్న వేల్స్ గని కార్మికులు ఆయనకు ఎదురయ్యారు. పని పోయి, ఊరి నుంచి నడిచి వచ్చినవాళ్లు. ఆయన వాళ్లతో కలిసి నడిచారు. ఆ స్నేహం చివరిదాకా ఉంది. మన స్వాతంత్ర్య పోరాటానికీ అండగా నిలిచారు. 1938లో నెహ్రూ లండన్ వస్తే స్వాగత సభలో పాడారు.

ఇక అసలు సంగతి. నల్లవాళ్ల హక్కులు, వలస దేశాల స్వాతంత్ర్యం గురించి గట్టిగా మాట్లాడటం, సోవియట్ యూనియన్‌ను మెచ్చుకోవడం అమెరికా ప్రభుత్వానికి మింగుడు పడలేదు. 1950లో పాస్‌పోర్టు ఇచ్చేయమంది. ఇవ్వనన్నారు. రద్దు చేసేసింది. కమ్యూనిస్టును కానని సంతకం పెడితే ఆలోచిస్తామన్నారు. అది అడిగే హక్కు మీకు లేదని ఆయన పెట్టలేదు. లోపల కచేరీలకు హాళ్లు దొరకవు, బయటికి పోనివ్వరు. అప్పట్లో అమెరికావాళ్లకు కెనడా వెళ్లడానికి పాస్‌పోర్టే అక్కర్లేదు. అయినా 1952లో సరిహద్దు దగ్గర ఆపేశారు. అదే ఏడాది మేలో ఆయన సరిహద్దు గీత దగ్గర లారీ మీద నిలబడి పాడితే అవతల కెనడా వైపు వేలమంది నిలబడి విన్నారు. 1957లో సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ తీగ మీదుగా లండన్ సభకు, తర్వాత వేల్స్ గని కార్మికుల పండగకు పాడి వినిపించారు.

ఫోన్‌లో గొంతు వినిపించడం, మనిషి వెళ్లలేకపోవడం ఏమిటో మాకు తెలుసు. మేం ఇక్కడికొచ్చిన కొత్తలో, అందరం కంపెనీ ఆఫీసులో పాస్‌పోర్టులు ఇచ్చేసి కాగితం మీద సంతకం చేశాం. అలా పెట్టుకోవడం చట్టానికి విరుద్ధమని అప్పుడు తెలియదు. మా రూము తమ్ముడొకడికి తండ్రి పోయారని కబురొస్తే పాస్‌పోర్టు చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఊళ్లో అంతా అయిపోయింది. వాడు పెట్టిన తప్పేమీ లేదు, సారు సెలవులో ఉన్నారంతే. రాబ్సన్‌కి పట్టింది ఎనిమిదేళ్లు. 1958 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఇద్దరు వేరే వ్యక్తుల కేసులో, నమ్మకాల పేరు చెప్పి పాస్‌పోర్టు ఆపే అధికారం విదేశాంగ శాఖకు లేదని తేల్చాక గానీ ఆయనకు తిరిగి దక్కలేదు.

ఆయనలో మాకు నచ్చనిదీ ఉంది. స్టాలిన్ పాలనలో జరిగిన ఘోరాల మీద ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. తన ఇంట్లో అన్యాయాన్ని అంత గట్టిగా అడిగిన మనిషి అక్కడ మౌనంగా ఉండటం లోటే.

పాస్‌పోర్టు రాగానే లండన్, మాస్కో తిరిగారు. 1959లో షేక్స్‌పియర్ సొంతూళ్లో మళ్లీ ఒథెల్లో వేశారు. మరుసటి ఏడు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. సిడ్నీ సైటులో ఓల్ మ్యాన్ రివర్ పాడారు. మిసిసిపీ ఒడ్డున బరువులు మోసే నల్లజాతి కూలీ పాట అది. మొదట రాసినప్పుడు అందులో కూలీ అలసిపోయి, భయపడి ఉంటాడు. రాబ్సన్ ఏనాడో మాటలు మార్చి వాణ్ణి పోరాడేవాడిగా చేశారు.

అదే దాదాపు ఆఖరి పెద్ద పర్యటన. 1961 నుంచి మనసు, ఒళ్లు రెండూ దెబ్బతిన్నాయి. 1963లో అమెరికా తిరిగొచ్చారు, 1965లో భార్య పోయింది. ఫిలడెల్ఫియాలో అక్క ఇంట్లో బయటికి పెద్దగా రాకుండా గడిపి, 1976 జనవరి 23న కన్నుమూశారు. పాస్‌పోర్టు లాక్కున్న రోజుల్లో, పాత ఆల్ అమెరికా జట్ల జాబితాల్లోంచి కూడా ఆయన పేరు కొట్టేశారు. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ పేరు చేరింది 1995లో.

సిడ్నీ మధ్యాహ్నం నాటి ఫిల్ము ముక్క ఇప్పటికీ ఉంది. మొన్న సెలవురోజు మా రూములో అందరం ఫోన్ చుట్టూ చేరి చూశాం. పాట మొదలవగానే అందరూ గమ్మునయ్యారు, మా మేస్త్రీ ఒక్కడు తప్ప. వెనక స్కాఫోల్డింగ్ మీద ఉన్నవాళ్లను చూపించి, నడుముకు బెల్టు లేకుండా అంత పైకెలా ఎక్కారు వీళ్లు అని అడుగుతూనే ఉన్నాడు.