నక్షత్ర కాంతిని చదివిన వైను బప్పు

సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తిరిగే చిన్న గ్రహాన్ని చూడడం దాదాపు అసాధ్యం. దాని ఆకర్షణకు నక్షత్రం ఎంత ఊగుతున్నదో, దాని అడ్డుకు వెలుగు ఎంత తగ్గుతున్నదో శాస్త్రజ్ఞులు కొలుస్తారు. మన భూమి సూర్యుణ్ణి ఊపేది సెకనుకు సుమారు 9 సెంటీమీటర్ల వేగంతోనే. అంతకు ఎన్నో రెట్ల అలజడి నక్షత్రం ఉపరితలం మీదే రేగుతూ ఉంటుంది. కనుక గ్రహాన్ని పోల్చుకోవడానికి ముందు నక్షత్రం స్వభావం తెలియాలి. ఆ స్వభావాన్ని కాంతిలో చదివినవారిలో హైదరాబాదులో పెరిగిన డాక్టర్ మనాలి కల్లట్ వైను బప్పు ఒకరు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో ఒక మలయాళీ కుటుంబంలో జన్మించారు. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కళాశాలలో విద్య ముగించి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో హార్వర్డు చేరారు. 1949లో అక్కడ ఒక ఛాయాచిత్రంలో కొత్త తోకచుక్కను గుర్తించారు. బప్పు-బోక్-న్యూకర్క్ అని దానికి పేరు వచ్చింది.

అంతకన్న విలువైనది 1957లో ప్రకటితమైన విల్సన్-బప్పు ఫలితం. సూర్యుని వంటి, ఇంకా చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం నల్లగీత నడుమ సన్నని వెలుగు చార కనబడుతుంది. నక్షత్రం నిజ ప్రకాశం హెచ్చిన కొద్దీ ఆ చార వెడల్పవుతుందని వారు చూపారు. నిజ ప్రకాశం తెలిస్తే దూరం లెక్కకు వస్తుంది! అదే చార తళుకులోని హెచ్చుతగ్గులను విల్సన్ 1966 నుండి ఏళ్ల తరబడి కొలిచారు. నక్షత్రపు అయస్కాంత అలజడిని గ్రహమని పొరబడకుండా నేటి అన్వేషకులు చూసేదీ ఆ తళుకునే.

అమెరికాలో ఎంత సౌకర్యమున్నా బప్పు స్వదేశానికే తిరిగి వచ్చారు. 1960లో కొడైకనాల్ వేధశాల బాధ్యత స్వీకరించారు. మబ్బుల బెడద లేని చోటు వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. గిద్దలూరు దాటి నల్లమలలో రాత్రి గడిపినవారికి అటువంటి చీకటి కొత్త కాదు. అక్కడ 1972లో ఒక మీటరు దూరదర్శిని నెలకొన్నది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు రాబోయే వేళ, నక్షత్ర కాంతి ముందే తరగడం కావలూరులోనూ నమోదైంది. కారణం యురేనస్ వలయాలని తేలింది. తరిగిన వెలుగును బట్టి కనబడని వస్తువును పట్టే ఈ పద్ధతే ఇప్పుడు పరనక్షత్రాల గ్రహాలనూ పడుతున్నది.

భారతదేశంలోనే 2.34 మీటర్ల దూరదర్శిని నిర్మించాలని ఆయన పూనుకున్నారు. అది పూర్తికాకముందే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో మరణించారు. అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అప్పుడు ఆయనే అధ్యక్షులు. 1986 జనవరిలో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు. సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తొలి గ్రహం 1995లో గాని దొరకలేదు.